అద్దాల మీది మసక చెప్పిన మాట

మొన్న చలికాలంలో మా మామగారిని ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించడానికి హనుమకొండలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాను. ఆ విభాగంలోకి మాస్కు లేకుండా ఎవరినీ పంపడం లేదు. వరుసలో మా ముందు డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారు. గుమ్మం దగ్గర ఇచ్చిన నీలం రంగు మాస్కు పెట్టుకుని నాలుగడుగులు వేశారో లేదో, ఆయన కళ్లద్దాలు తెల్లబడిపోయాయి. వెంటనే మాస్కును ముక్కు కిందికి దించుకున్నారు. అక్కడున్న సిబ్బందిలో ఒకతను "ముక్కు మూసుకో పెద్దాయనా, ఎన్నిసార్లు చెప్పాలె" అని గట్టిగానే అన్నాడు. ఆయన మారు మాట్లాడలేదు. మాస్కు పైకి లాక్కుని, అద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకుని, ఒక చెయ్యి గోడకు ఆనించి గది నంబర్లు వెతుక్కుంటూ ముందుకు కదిలారు.

నేను దగ్గరికి వెళ్లి, మాస్కు పై అంచులో సన్నటి తీగ ఉంటుందని చెప్పాను. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆయన అనుమతితో ఆ తీగను ముక్కు దూలానికి రెండు వైపులా వేళ్లతో నొక్కి, చెంపల దాకా ఒదిగేలా సర్ది, అద్దాలను మాస్కు అంచు మీద కూర్చునేలా పెట్టాను. రెండు మూడు శ్వాసలు తీసుకునేసరికి మసక అంచుల నుంచి తగ్గుతూ వచ్చి పోయింది. ఆయన తల ఎత్తి ఎదురుగా ఉన్న తలుపు మీది అంకెను "పన్నెండు" అని చదివారు.

అప్పటి నుంచి ఈ విషయం నా మనసులో తిరుగుతూనే ఉంది. కరోనా కాలంలో కళ్లద్దాలవాళ్లం "మాస్కు పెట్టుకుంటే అద్దాలు మసకబారుతున్నాయి" అని ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. విన్నవాళ్లు దాన్ని ఒక చిన్న ఇబ్బందిగానే విన్నారు. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు ఈ సణుగుడు ఏమిటని కొందరు, అద్దాలకు సబ్బు రాసుకోండని కొందరు జవాబిచ్చారు. చెప్పిన మేమూ దాన్ని ఇబ్బందిగానే చెప్పాం. కానీ అది ఇబ్బంది కన్నా ముందు ఒక సాక్ష్యమని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. మాస్కు గుడ్డను తప్పించుకుని పై అంచు నుంచి గాలి బయటికి పోతోందని, అదే సందులోంచి లోపలికీ వస్తోందని, ఏ పరికరమూ అక్కర్లేకుండా కంటి ముందు కనిపించిన సాక్ష్యం అది. ఆనాడే దాన్ని అలా విని ఉంటే ఇంకా ఎంతోమంది మాస్కులు సరిగా పనిచేసేవి. ముక్కు బయట పెట్టినందుకు తిట్లు తిన్నవారిలో కొందరికైనా ఆ తిట్లు తప్పేవి.

కౌంటరుకు అటూ ఇటూ

నేను బ్యాంకు ఉద్యోగిని. 2020లో వరంగల్ వైపు ఒక పల్లె శాఖలో క్యాష్ కౌంటరులో ఉండేవాణ్ణి. ఆ ఏప్రిల్లో మహిళల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు వేయడాన్ని కేంద్రం మొదలుపెట్టింది. తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు మన తెలంగాణ ప్రభుత్వం 1500 రూపాయలు ఇచ్చింది. జన్‌ధన్ డబ్బుకు జనం ఒక్కసారిగా రాకుండా ఖాతా నంబరు చివరి అంకె 0, 1 అయినవారికి ఏప్రిల్ 3న, 2, 3 అయినవారికి 4న, ఆ తర్వాతివారికి 7, 8, 9 తేదీల్లో అని రోజులు కేటాయించారు. సున్నంతో గీసిన గుండ్రాల్లో ఆడవాళ్లు ఎండలో నిలబడేవారు. ఐదుగురు చొప్పున లోపలికి పంపేవాళ్లం.

అలా వచ్చిన వారిలో ఒక అవ్వ ఉంది. ఆమె కళ్లద్దాలు కంటి వెలుగు అద్దాలు. 2018 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఆ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమంలో మా చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ముసలివాళ్లకు జీవితంలో మొదటిసారి అద్దాలు దొరికాయి. ఆమె వాటి రెండు కాడలకూ దారం కట్టి మెడలో వేసుకుని, బంగారంలా చూసుకునేది. ముఖానికి పంచాయతీ వాళ్లిచ్చిన గుడ్డ మాస్కు ఉంది. వేలిముద్ర వేసి, నేనిచ్చిన నోట్లు తీసుకుని, వాటిని చూసుకోవడానికి మాస్కు కిందికి దించింది. నేను గాజు అవతలి నుంచి కేక వేశాను, "అవ్వా, మాస్కు పైకి పెట్టుకో" అని.

"పెట్టుకుంటె కనవడ్తలేదు బిడ్డా. పైసలు ఎన్నియో చూస్కోవద్దా?" అంది.

వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు. చివరికి ఆమె మాస్కు పైకి లాక్కుని, తన నోట్లను వెనకనున్న ఒక పరాయి కుర్రాడి చేతికిచ్చి లెక్కపెట్టించుకుంది. ఆ అబ్బాయి నిజాయితీగానే లెక్కపెట్టి ఇచ్చాడు. అయినా ఆమె ముఖంలోని అపనమ్మకం నాకిప్పటికీ గుర్తుంది. రెండేళ్ల కిందటే చూపు తిరిగి వచ్చిన మనిషి, తన డబ్బును తానే చూసుకోగలిగిన మనిషి, ఒక గుడ్డముక్క వల్ల మళ్లీ ఇంకొకరి కళ్ల మీద ఆధారపడింది. ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోగా కేక వేశానన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఎందుకంటే అదే ఇబ్బంది కౌంటరుకు ఇవతల నాకూ ఉంది. నావి బైఫోకల్ అద్దాలు. మసక ఎప్పుడూ ముక్కు పక్కన, కింది అంచు నుంచి మొదలవుతుంది. దగ్గరివి చూసే గాజు భాగం ఉండేది అక్కడే. దూరాన నిలబడ్డ మనిషి ముఖం స్పష్టంగా కనిపిస్తుండగానే చేతిలోని విత్‌డ్రాయల్ ఫారం మీది అంకె కనిపించేది కాదు. సంతకం సరిచూడాలన్నా, చిరిగిన నోటు మీది నంబరు చూడాలన్నా ఊపిరి బిగబట్టి చూసి, తర్వాత వదిలేవాణ్ణి. ఆ వానాకాలంలో ఒక సాయంత్రం లెక్కలో 500 రూపాయలు తగ్గితే నా జేబులోంచి కట్టాను. తప్పు ఎక్కడ జరిగిందో కచ్చితంగా చెప్పలేను గానీ, ఆ రోజంతా నేను దేన్నీ సరిగా చూడలేదన్నది మాత్రం నిజం. తనిఖీకి వచ్చిన ఒక పై అధికారి, ఖాతాదారుల ముందే, చదువుకున్నవాడివి నువ్వే ముక్కు బయటపెడితే ఎలా అని నన్ను మందలించారు. నేను అవ్వతో అన్న మాటే అది.

ఎండలో లేని మసక

ఆ రోజుల్లో నాకు అర్థం కానిదొకటి ఉండేది. బయట ఎండలో గంటసేపు నిలబడ్డవారి అద్దాలు శుభ్రంగా ఉండేవి. లోపలికి వచ్చిన ఐదు నిమిషాలకు తెల్లబడేవి. కారణం కష్టమైనదేమీ కాదు. ముక్కులోంచి వచ్చే గాలి దాదాపు 34 డిగ్రీల వెచ్చదనంతో, తాను మోయగలిగినంత తేమను మోసుకుని వస్తుంది. దానికి చల్లని అద్దం తగిలితే ఆ తేమ సన్నటి బిందువులై గాజుకు పట్టుకుంటుంది. ఒక్కో బిందువు వెలుగును ఒక్కో వైపు చెదరగొడుతుంది కనుక గాజు తెల్లగా కనిపిస్తుంది. ఓరుగల్లు ఎండలో అద్దమే నలభై డిగ్రీల దగ్గర ఉంటే తేమ దానికి పట్టుకోదు. ఏసీ గాలికి అద్దం చల్లబడగానే పట్టుకుంటుంది. డిసెంబరు ఉదయాన హెల్మెట్ లోపల మాస్కు, అద్దాలు రెండూ పెట్టుకుని బండి నడిపిన వారికి ఇది నేను చెప్పాల్సిన పని లేదు.

ఇందులో అసలు విషయం, ఎండలోనూ ఆ గాలి పైకి పోతూనే ఉందన్నది. మనకు కనిపించలేదు, అంతే. మసక కనిపిస్తే సందు ఉన్నట్టే. మసక కనిపించకపోతే సందు లేదని మాత్రం చెప్పలేం. ఈ తేడాను నేను చాలా ఆలస్యంగా గ్రహించాను. దాన్ని గ్రహించేలా చేసింది మా మరదలు.

టేపు వేరు, సబ్బు వేరు

మా మరదలు స్టాఫ్ నర్సు. కోవిడ్ వార్డులో పీపీఈ కిట్టు లోపల ఆరేసి గంటలు పనిచేసిన మనిషి. కళ్లద్దాలు, వాటి మీద గాగుల్స్. రెండూ మసకబారితే రోగి చేతి మీది నరం కనిపించక, రెండు గ్లవుజుల మీంచే వేలితో తడిమి వెతికి సూది గుచ్చేదాన్నని చెప్పింది. ఒకసారి ఫోనులో నా గోడు వెళ్లబోసుకున్నాను. సబ్బునీళ్ల చిట్కా బాగా పనిచేస్తోందని కూడా చెప్పాను. అది ఉత్త ఇంటి చిట్కా కాదు. అద్దాలను సబ్బునీటితో కడిగి, తుడవకుండా విదిలించి ఆరబెట్టమని 2011లోనే బ్రిటన్ శస్త్రవైద్యుల కళాశాల పత్రికలో వచ్చింది. సబ్బు పొర వల్ల తేమ బిందువులుగా విడిపోకుండా పలచటి పొరగా పరుచుకుంటుంది, వెలుగు చెదరదు.

ఆమె అంతా విని, "సబ్బు రాస్తే అద్దం సాఫ్ అయితది బావా. మాస్కు గట్లనే ఉంటది కదా" అంది. తాము మాస్కు పై అంచును ముక్కు మీద మైక్రోపోర్ టేపుతో అతికించుకుంటామని చెప్పింది.

ఈ రెండు ఉపాయాలనూ మనం ఒకే జాబితాలో పక్కపక్కన చదివాం, ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలన్నట్టు. కానీ అవి చేసే పనులు వేరు. టేపు సందును మూస్తుంది. సందు మూసుకుంది కనుక మసక పోతుంది. సబ్బు సందును అలాగే ఉంచి, సందు ఉందని చెప్పే గుర్తును చెరిపేస్తుంది. సబ్బు రాసుకున్న రోజుల్లో నేను మరింత భద్రంగా ఉన్నానని అనుకున్నాను. నిజానికి నాకున్న ఒకే ఒక్క హెచ్చరికను నేనే తుడిచేసుకున్నాను. సబ్బు వాడవద్దని నేను అనను. శుభ్రంగా కనిపించాలి, పని జరగాలి. ముందు అంచు సరిచేసుకుని, ఆపైన మిగిలిన కొద్దిపాటి మసకకు సబ్బు వాడటం న్యాయం.

వాల్వు ఉన్న ఎన్95ల కథ కూడా ఇలాంటిదే. ముందు భాగంలో చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉన్న ఆ మాస్కులు అద్దాలవాళ్లకు వరంలా అనిపించాయి. వదిలిన గాలి ఆ వాల్వులోంచి నేరుగా పోతుంది, అద్దాల వైపు రాదు. అలా పోయే గాలికి వడపోత లేదు కనుక ఎదుటివారికి రక్షణ లేదు. ప్రజలు వాటిని వాడకుండా చూడమని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ 2020 జూలైలో రాష్ట్రాలకు రాశారు. నేను ఆ మాస్కును అంతకు ముందు నెల రోజులు వాడాను, కౌంటరులో కూర్చుని, వందలమంది ఎదుట.

ఎందుకు వినలేదు

మసకను సాక్ష్యంగా వినకపోవడానికి ఒక కారణం అప్పటి వైద్య శాస్త్రపు అవగాహనలోనే ఉందని నా అభిప్రాయం. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ, కోవిడ్ గాలి ద్వారా వ్యాపించేది కాదని ట్విట్టర్‌లో ప్రకటించింది. దగ్గు, తుమ్ము, మాటల్లో వెలువడే తుంపరలే ప్రధానమనీ అవి కొంత దూరంలో కింద పడిపోతాయనీ అనుకున్నప్పుడు, మాస్కు అంటే నోటికి, ముక్కుకు ఎదురుగా నిలిచే ఒక అడ్డు. అడ్డుకు పై అంచున కాస్త ఖాళీ ఉంటే ఏమవుతుంది? ఏమీ కాదనే అనుకుంటాం. అదే, గాలిలో తేలే అతి సన్నని కణాల ద్వారా కూడా వ్యాధి వస్తుందని ఒప్పుకున్నాక మాస్కు అడ్డుగోడ కాదు, వడపోత. వడపోతకు పక్కనే దారి ఉంటే గాలి ఆ దారినే పోతుంది. ఆ సంస్థ తన వివరణలో ఈ సంగతిని స్పష్టంగా చేర్చింది 2021 ఏప్రిల్ చివర, మన దగ్గర రెండో అల తీవ్రంగా ఉన్న రోజుల్లో. మాస్కు ముఖానికి ఒదగడం గురించి, ముక్కు తీగ గురించి, సర్జికల్ మాస్కు మీద గుడ్డ మాస్కు వేసుకోవడం గురించి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రయోగాలు చేసి చెప్పింది కూడా 2021 ఫిబ్రవరిలోనే. అంతకు ముందు దాదాపు పది నెలల పాటు కళ్లద్దాలవాళ్లు ప్రతిరోజూ అదే మాట చెబుతూ ఉన్నారు, దాని అర్థం తమకే తెలియకుండా.

ఆసుపత్రుల్లో ఎన్95 ఇచ్చేముందు తల మీద ముసుగు వేసి, చేదు మందును సన్నగా చల్లి, నాలుకకు చేదు తగిలిందా అని అడిగే పరీక్ష ఒకటి ఉంది. చేదు తగిలితే ఆ మాస్కు ఆ ముఖానికి ఒదగలేదని అర్థం. మామూలు మనిషికి ఆ పరీక్ష ఎవరు చేస్తారు? అంత కచ్చితమైనది కాకపోయినా, అలాంటి పరీక్షనొకదాన్ని అద్దాలవాళ్లు ముక్కు మీద మోసుకుని తిరిగారు.

రెండో కారణం మాస్కులు తయారైన తీరులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి మూడు చొప్పున మాస్కులు పంచాలని 2020 ఏప్రిల్లో నిర్ణయించి కుట్టే పనిని స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించారు. మన దగ్గరా సంఘాల మహిళలు కుట్టారు. కష్టకాలంలో ఎందరో ఇళ్లకు అది కూలి అయింది. ఆ పనిని నేను గౌరవంగానే తలుచుకుంటాను. మా శాఖ ఖాతాదారు ఒకామె ఆ మాస్కులు కుట్టేది. జూన్‌లో నేను ఆమె దగ్గరికి వెళ్లి, కరెంటు వైరులోంచి తీసిన సన్నటి రాగి తీగను పై అంచు మడతలో పెట్టి కుట్టమని అడిగాను. తీగ కొనలు గుచ్చుకోకుండా రెండు చివర్లూ ఆమే వంచి, అంచు మీద రెండు వరుసల కుట్టు వేసింది. ఎందుకని అడిగితే చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "మాకిచ్చిన కొలతల్ల తీగ ముచ్చటనే లేదు సార్" అంది. పొడవు, వెడల్పు, మూడు మడతలు, చెవులకు ఎలాస్టిక్. అంతే ఆ కొలతలు. వేలకొద్దీ మాస్కులు ఆ కొలతలతోనే వెళ్లాయి. నేను చూసినవాటిలో ఒక్కదానికీ ముక్కు దగ్గర ఏమీ లేదు.

ఎదురు వాదనలు

దీనికి జవాబుగా ఒకటి చెప్పవచ్చు, నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను కూడా. ఆ ఏప్రిల్లో మాస్కులే దొరకలేదు. ఇంట్లో గుడ్డతో ముఖం కప్పుకోమని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ నెల మొదట్లో చెప్పింది. ప్రధానమంత్రి స్వయంగా కండువాతో ముఖం కప్పుకుని టీవీలో కనిపించారు. అంత పెద్ద దేశానికి చెప్పే మాట చిన్నదిగా ఉండాలి: ముక్కు, నోరు మూసుకోండి. దానికి తీగలూ కొలతలూ జోడిస్తే, సరైన మాస్కు లేదన్న సాకుతో అసలు వేసుకోవడమే మానేసేవాళ్లు ఉండరా? ఉంటారు. మొదటి రెండు నెలల వరకు ఈ వాదనకు నేను తల వంచుతాను. ఏదో ఒక గుడ్డ ఉండటం ఏమీ లేకపోవడం కన్నా మేలే. కానీ వానాకాలం నాటికి మాస్కులు వీధి వీధినా అమ్ముతున్నారు, మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా నియమం ఉంది. జరిమానా వసూలు చేసేంత సమయం దొరికినప్పుడు, తీగను ఎలా నొక్కాలో ఒక బొమ్మ గీసి చూపించే సమయం దొరక్కుండా పోదు.

ముక్కు బయటపెట్టినవారందరూ అద్దాలవాళ్లు కాదన్నది ఇంకో మాట. నిజమే. మా శాఖకు వచ్చేవారిలో ఎక్కువమందికి అద్దాలే లేవు. ఉక్కకు దించినవారు, మాట వినపడదని దించినవారు, పట్టించుకోక దించినవారు ఉన్నారు. అద్దాలను అందరికీ సాకుగా ఇవ్వమని నేను అడగడం లేదు. ఎందుకు దించావని ఒక్కసారి అడిగి ఉంటే, ఎవరికి కోపం చూపాలో ఎవరికి సాయం చేయాలో తేలేదని అంటున్నాను. అద్దాలు లేనివారి మాస్కు పై అంచున కూడా అదే సందు ఉంది, వారికి కనిపించే వీలు లేదు. కనుక ఈ సాక్ష్యం వారికోసం కూడా.

అద్దాలవాళ్లకు కరోనా తక్కువగా వస్తుందట కదా, వాళ్లకు మేలే జరిగిందని కూడా ఆ రోజుల్లో విన్నాను. చైనాలోని సుయిజౌలో ఆసుపత్రిలో చేరిన 276 మంది రోగుల్లో రోజుకు ఎనిమిది గంటలకు మించి అద్దాలు పెట్టుకునేవారు 5.8 శాతమేనని 2020 సెప్టెంబరులో వచ్చిన ఒక అధ్యయనం ఆ మాటకు మూలం. ఆ ప్రాంతంలో హ్రస్వదృష్టి (దూరపువి సరిగా కనిపించకపోవడం) ఉన్నవారు 31.5 శాతమన్న పాత లెక్కతో వారు దాన్ని పోల్చారు. పోలిక బలహీనమైనదని అప్పుడే వైద్యులు హెచ్చరించారు. తర్వాత నార్వేలో 3,717 మందిని రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపును రెండు వారాల పాటు బయట అద్దాలు పెట్టుకోమని చూస్తే, పాజిటివ్ వచ్చినవారు ఒకవైపు 3.7 శాతం, ఇంకోవైపు 3.5 శాతం. తేడా లేనట్టే. ఆ నమ్మకంతో నాకు తెలిసిన ఒకాయన మాస్కును గడ్డం కింద ఉంచుకుని తిరిగారు. ఆయనకు తర్వాత కరోనా వచ్చి తగ్గింది.

గుమ్మం మీది కాగితం

2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు, మా మేనేజరు గారిని అడిగి శాఖ గుమ్మం మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించాను. "మాస్కు పై అంచులో తీగ ఉంటుంది. ముక్కుకు రెండు వైపులా నొక్కండి. అద్దాలు మసకబారితే గాలి పోతోందని అర్థం, మళ్లీ సర్దుకోండి. మాస్కు దించకండి, మమ్మల్ని అడగండి." చదవడం రానివారికి మా మెసెంజరు తన ముక్కు మీద చేసి చూపించేవాడు. రెండు రోజుల్లో అది అతనికి అలవాటైపోయింది. మనిషి మెట్లు ఎక్కుతుండగానే అద్దాలున్నాయా అని చూసేవాడు.

ఆ నెల అవ్వ ఆసరా పింఛను డబ్బుకు వచ్చింది. దారం కట్టిన అవే అద్దాలు. గుమ్మం దగ్గర మెసెంజరు చెప్పినట్టు తీగ నొక్కుకుంది, సరిగా కూర్చోలేదని మళ్లీ నొక్కుకుంది. నేను రెండు వేలు ఇచ్చాను, ఐదు వందల నోట్లు నాలుగు. ఆమె కౌంటరు ముందే నిలబడి, ఒక్కో నోటును వెలుగు వైపు తిప్పి చూసుకుంటూ లెక్కపెట్టింది, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. వెనక ఉన్నవాళ్లు ఆగారు.